గంజి వాసన

సీతమ్మధార,
ఆగస్టు 18.

ప్రియమైన పెద్దమ్మకి,

స్టెఫీ వందనాలు. నెలకి ఒక ఉత్తరమే కదా, మధ్యలో ఇదేమిటని గుండె పట్టుకుంటావని ముందే చెబుతున్నాను, నాకేమీ కాలేదు. జ్వరం గిరం ఏమీ లేదు. ఇంకా ప్రమాణాలు చేయని మా నొవీసులను చూసుకునే సిస్టర్ నీలిమగారే రాయమన్నారు.

ఈస్టరప్పుడు నీకు ఒక పెద్దావిడని చూపించాను, గుర్తుందా? తెల్లగా, పొడుగ్గా, చేతికర్రతో. సిస్టర్ హెడ్విగ్. ఇరవై నాలుగో ఏట జర్మనీ నుంచి వచ్చి, శ్రీకాకుళం పల్లెల్లో ఆసుపత్రులు నడిపి, అరవై ఏళ్లుగా ఇక్కడే ఉండిపోయారు. జూన్‌లో తుంటి విరిగింది. ఎముక అతుక్కుంది కానీ ఆవిడ తినడం మానేశారు. ఆరువారాలుగా రోజుకి అరగ్లాసు జావ, అదీ బతిమాలితే. ఆవిడని చూసుకునే పని నాది. గిన్నె పట్టుకుని వెళ్తే చాలు, "ఏటే పిల్లా, మల్లీ జావే తెచ్చినావేటి? నానొల్లను" అని గోడవైపు తిరిగిపోతారు.

ఇంకో పదిరోజులు చూసి ముక్కులోంచి గొట్టం వేస్తానని డాక్టరు చెప్పి వెళ్లాడు. ఆయన వెళ్లాక ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. ఎంత సన్నటి వేళ్లు పెద్దమ్మా. "గొట్టమెయ్యనీకే. మా యమ్మ గుడ్లతోటి పిండి కలిపి, సన్నంగా కోసి, ఉడకబెట్టీది. అదైతే తింతాను" అన్నారు.

నేను ఊరుకోవచ్చు కదా! "మా పెద్దమ్మ రోజూ చేసి అమ్మే నూడుల్స్ అవే" అనేశాను. గదిలో ఉన్న సిస్టర్లందరూ నావైపు తిరిగారు. నువ్వే చేసి గేటు దగ్గర ఇచ్చేస్తావని నాకు తెలుసు. కానీ బయట వండిందేదీ రోగుల గదిలోకి పోకూడదని డాక్టరు ఆంక్ష. ఇక్కడే, నేనే చేయాలి. పదిహేనేళ్లు నీ ఇంట్లో ఉన్నానన్న మాటే కానీ, నువ్వు నన్ను ఆ పిండి ముట్టుకోనిచ్చావా ఎప్పుడైనా? పొట్లాలు కట్టడం తప్ప నాకేమీ రాదు.

వివరంగా రాయి. తొందరగా రాయి. హెడ్విగ్ సిస్టర్ తిండి గురించి అయితే ఉత్తరాలకి లెక్క లేదన్నారు. మామూలుగానే వచ్చేవీ పోయేవీ సిస్టర్ నీలిమగారు చదువుతారు.

నీ స్టెఫీ

———

కంచరపాలెం,
ఆగస్టు 22.

స్టెఫీ పాపకి పెద్దమ్మ దీవెనలు.

నీ ఉత్తరం నాలుగు రోజులకి చేరింది. నేను నడిచొస్తే గంట. ఇంత దగ్గరికి ఇంత ఉత్తరమా అని పోస్టుమాన్ కూడా నవ్వుతున్నాడు. సరే, నీ మఠం, నీ రూలు. డిసెంబరులో ప్రమాణాలు చేశాకైనా ఫోన్ ఇస్తారో లేదో అడగను. అడిగితే నీకు కోపం.

మీ పెదనాన్న ఓడలో వంట చేసే రోజుల్లో ఒక చైనా ముసలాయన ఈ పని ఆయనకి చెయ్యిపట్టి నేర్పాడు. పెదనాన్న నాకు చెయ్యిపట్టి నేర్పాడు. ఇప్పుడు నేను నీ చెయ్యి ఉత్తరంలో ఎలా పట్టుకోను? రాస్తాను, బుద్ధిగా చదువు.

మూడు గుడ్లకి మూడు చిన్న టీకప్పుల మైదా. ప్రతి గుడ్డూ విడిగా గిన్నెలో కొట్టి వాసన చూడు. చిటికెడు ఉప్పు. పిండి కలవకపోతే అర గుడ్డుపెంకు నీళ్లు, అంతకు మించి చుక్క వేయకు. ముందు అది నీ మాట వినదు. మంకుపట్టు పిల్లలా చెయ్యి వదలదు, ముద్ద కాదు. నువ్వు కూడా పట్టు వదలకు. నీ చెవి తమ్మె ఎంత మెత్తగా ఉంటుందో అంత మెత్తగా అయ్యేదాకా పిసుకు. తడిగుడ్డ కప్పి అరగంట వదిలెయ్.

తరవాత ఒత్తడం. కింద రాసిన కాగితం పెడితే అక్షరాలు కనపడాలి, అంత పలచన. కార్న్‌ఫ్లోర్ చల్లి మడతపెట్టి, అగ్గిపుల్ల మందాన కొయ్యి. విడదీసి తాడు మీద ఆరెయ్. మైదా చల్లకు, అది పీల్చేసుకుంటుంది. కార్న్‌ఫ్లోరే చల్లు. అతుక్కుంటే ఇంకా చల్లు. చల్లడంలో పిసినారితనం పనికిరాదు. వానాకాలం కాబట్టి ఫాను కింద ఆరాలి. ఉప్పునీళ్లలో మూడు నిమిషాలు ఉడికిస్తే చాలు.

ఇక్కడ అంతా మామూలే. మెట్టు జంక్షన్ దగ్గర ఫాస్ట్‌ఫుడ్ బండి యోహాన్ లేడూ, మొన్న పొట్లం విప్పి, "ఏటత్తా, ఈ పాలి ఇలాగ లావుగా కోసీనావ్?" అన్నాడు. ఆ రోజు కత్తి మొద్దుబారింది, అంతే. నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. పక్కింటి చిట్టమ్మ రోజూ అడుగుతుంది, "పిల్ల ఎప్పుడొత్తాదే?" అని. రాదే, అది దేవుడి ఇంటికి వెళ్లింది అంటే దానికి ఎక్కదు.

నీ పద్దెనిమిదో ఏట కొన్న తెల్లచీర పెట్టెలోంచి తీసి ఎండ చూపించాను. ఊరికే. చిమ్మెటలు పడతాయని.

పెద్దమ్మ

———

సీతమ్మధార,
ఆగస్టు 27.

పెద్దమ్మా!

తిన్నారు! గిన్నె మొత్తం తిన్నారు!

మొదటిసారి పిండి రాయిలా అయింది. అది కోళ్లకి వేశాను. రెండోసారి చెవి తమ్మె పట్టుకుని చూసుకుంటూ పిసికాను. ఒత్తుతూ కింద నీ ఉత్తరమే పెట్టాను. ముందు ఏమీ కనపడలేదు. ఇంకా ఒత్తాను. అప్పుడు "పిసినారితనం" అన్న మాట పిండిలోంచి పైకి కనిపించింది. ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. అది మౌనం పాటించే వేళ, తిట్లు తిన్నాను.

బయట ఒకటే వాన. వంటగదిలో ఫాను లేదు. అందుకని ఇస్త్రీ గదికి తీసుకెళ్లి, మా ముసుగులు ఆరేసే తాడు మీద వేశాను. చెమ్మకి కొంచెం అతుక్కుంటుంటే, నువ్వు చెప్పినట్టే ఇంకా ధారాళంగా చల్లాను. చక్కగా విడిపోయాయి.

ఉడికించి, వెన్న వేసి పట్టుకెళ్లాను. ఆవిడ ముందు వాసన చూశారు. కళ్లు మూసుకున్నారు. ఎంతసేపటికీ తెరవకపోతే నాకు భయం వేసింది. తరవాత, "ఇదేనే. ఇదే. మా యమ్మదే" అని నా చేతిలో చెంచా లాక్కున్నారు. ఆరువారాల్లో ఆవిడ చెంచా పట్టుకోవడం ఇదే మొదలు. సిస్టర్ నీలిమగారు గుమ్మంలో నిలబడి చూసి, వచ్చి నా నుదుటి మీద సిలువ గుర్తు వేశారు. డాక్టరు గొట్టం మాట వెనక్కి తీసుకున్నాడు.

పెద్దమ్మా, ఈ ఇంట్లో నేను పనికొచ్చే మనిషినని నాకు మొదటిసారి అనిపించింది. నేను ఇక్కడే ఉండాలి. ఆ మాట నీకు నచ్చదని తెలుసు. అయినా సంతోషం పట్టలేక రాసేస్తున్నాను.

నీ స్టెఫీ

———

సీతమ్మధార,
ఆగస్టు 30.

ప్రియమైన పెద్దమ్మకి,

నా ముందు ఉత్తరం ఇంకా నీకు చేరి ఉండదు. ఇది దాని వెనకే వస్తుంది.

ఇక్కడ లైబ్రరీలో ఒక పాత కథ చదివాను. అందులో ఒక పిల్ల ఒక ముసలమ్మకి ఏదో వండి పెడుతుంది. వంట అతుక్కుంటుంటే, పక్కన బల్ల మీద తెల్లపొడి ఉన్న జాడీ కనిపిస్తుంది. వంటగది జాడీ ఎవరో ఇక్కడ పెట్టారనుకుని అదే చల్లుతుంది. రెండు రోజుల తరవాత బట్టలకి గంజి పెట్టే వేళ పెద్దావిడ ఒకరు, "ఆ జాడీ ఇటివ్వు" అంటారు. అదే జాడీ. అది బజార్లో అమ్మే బట్టల గంజిపొడి. సెంటు కలిపినది. కడుపులోకి పోకూడదని దాని ప్యాకెట్టు మీద రాసి ఉంటుంది.

ఆ పిల్ల ఎవరికీ చెప్పదు. ఇంట్లో వాళ్లంతా దాన్ని మెచ్చుకుంటూ ఉంటారు. ఎంత మెచ్చుకుంటే అంత నోరు పెగలదు. చెబితే ఇంట్లోంచి పంపేస్తారని దాని భయం.

చివరి పేజీ చిరిగిపోయింది. ముసలమ్మకి ఏమవుతుందో తెలియలేదు. ఆ పొడి కడుపులోకి వెళ్తే ఏమవుతుందో నీకేమైనా తెలుసా? ఊరికే, కథ గురించే అడుగుతున్నాను.

హెడ్విగ్ సిస్టర్‌కి నిన్నటి నుంచి కడుపు బాగోలేదు. నాలుగుసార్లు బట్టలు మార్చాను. చాలా రోజుల తరవాత తిన్నారు కదా, అందుకేనంటున్నారు అందరూ.

తొందరగా రాయి పెద్దమ్మా.

స్టెఫీ

———

కంచరపాలెం,
సెప్టెంబరు 3.

స్టెఫీ పాపకి,

నీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు వచ్చాయి. మొదటిది చదివి నవ్వాను. రెండోది చదివాక చెప్పులు కూడా వేసుకోలేదు.

మన సందు చివర ఇస్త్రీ పెట్టె గౌరీశ్వరి దగ్గరికి పరిగెత్తాను. ఆ పొడి కడుపులోకి పోతే ఏమవుతుందని అడిగాను. అది ఇస్త్రీ పెట్టె కింద పెట్టేసి, "ఎవులు మింగీసినారేటి!" అని అరిచింది. నలుగురు పోగయ్యారు. కథ అని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. వాళ్లమ్మాయి చిన్నప్పుడు చారెడు తినేసిందట. "రెండ్రోజులు కడుపు జారింది, మరేటవలేదు" అంది. అది విన్నాక నాకు ఊపిరి ఆడింది. కానీ ఆ పిల్లకి అప్పుడు నాలుగేళ్లు. మీ కథలో ముసలమ్మకి ఎనభై దాటాయి కదా.

నిన్న మీ మఠానికి ఫోన్ కూడా చేశాను. సిస్టర్ నీలిమగారే ఎత్తారు. హెడ్విగ్ సిస్టర్ కులాసానా అన్నాను. "కులాసానే. మీకెందుకమ్మా అంత ఆయాసం?" అన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "కథ గురించండీ" అనేసి ఫోన్ పెట్టేశాను. నా నోరు పడ!

ఇక చిరిగిన పేజీ సంగతి. నేనైతే ఇలా రాస్తాను. ఆ పిల్ల ఆ రోజే వెళ్లి పెద్దావిడకి అంతా చెప్పేస్తుంది. ఇంట్లోంచి పంపేస్తే పంపేస్తారు. దాని పెద్దమ్మ ఇంటి తలుపుకి గడియ లేదు. దాని మంచం వేసినచోటే ఉంది. దాని కంచం కడిగి బోర్లించే ఉంది. ఆ పిల్ల వెంటనే చెప్పెయ్యాలి. ఈ ఉత్తరం అందిన రోజే.

పెద్దమ్మ

———

సీతమ్మధార,
సెప్టెంబరు 8.

పెద్దమ్మకి,

ఆ పిల్ల ఇంకా చెప్పలేదు.

హెడ్విగ్ సిస్టర్‌కి కడుపు కుదుటపడింది. నేను మోకాళ్ల మీద పడి దేవుడికి కృతజ్ఞతలు చెప్పాను. ఇంక ఎవరికీ చెప్పక్కర్లేదనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

తరవాత మళ్లీ చేయమన్నారు. ఈసారి వంటగదిలోని అసలు కార్న్‌ఫ్లోర్, నాలుకకి రాసుకుని మరీ చూసి, చల్లాను. మొదటివాటికంటే సన్నగా, బాగా వచ్చాయి. ఆవిడ వాసన చూశారు. ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని గిన్నె తోసేశారు. "ఇది కాదే. ఆ పాలి సేసినావే, అది తే" అన్నారు. నిన్న కూడా అంతే. మళ్లీ గోడవైపు తిరిగిపోయారు. డాక్టరు ఇరవయ్యో తారీకుకి గొట్టం ఖాయం చేశాడు. ఆవిడకి ఏం కావాలో నాకొక్కదానికే తెలుసు. అది పెట్టలేను. ఎందుకు పెట్టలేనో చెప్పలేను.

ఇంకొకటి. ఇస్త్రీ గదిలో ఆ జాడీ కనిపించడం లేదు. ఎవరు తీశారో తెలియదు. నేను అడగలేను. సిస్టర్ నీలిమగారు నన్ను రోజూ, "ఇంకేమైనా చెప్పాలా స్టెఫీ?" అని అడుగుతున్నారు. అందరినీ అలాగే అడుగుతారు, నేను మాత్రం ఏమీ లేదని తప్పించుకుంటున్నాను. పాపసంకీర్తనకి వెళ్లి, ఫాదర్‌గారి ముందు కూడా కోపం, బద్ధకం అని చిన్నచిన్న పాపాలే ఒప్పుకుని లేచొచ్చేశాను.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. నువ్వు చెప్పింది నిజమే. కానీ పెద్దమ్మా, ఆ కథలో పెద్దమ్మ మంచం గురించీ కంచం గురించీ ఎందుకు అంతసేపు మాట్లాడుతోంది? ఆ పిల్ల చెప్పాలని ఆవిడ కోరికా, ఆ పిల్లని పంపేయాలని కోరికా? ఆ పిల్లకి ఇంటికి రావాలని లేదు. ఇక్కడే ఉండాలని ఉంది. ఈ మాట ఇంత గట్టిగా దానికే ఇప్పటిదాకా తెలియదు.

స్టెఫీ

———

కంచరపాలెం,
సెప్టెంబరు 12.

స్టెఫీ,

ఇది పోస్టులో వేయడం లేదు. నేనే తెచ్చి గేటు దగ్గర ఇస్తున్నాను. నిన్ను చూడనివ్వరని తెలుసు, అడగను కూడా.

నీ ఉత్తరం చదివి మొదట నీ మీద ఒళ్లు మండింది. పెంచినదాన్ని పట్టుకుని ఎంత మాట అంది అనుకున్నాను. కోపం దిగాక చూస్తే నువ్వు రాసిందంతా నిజమే.

మార్చి నుంచి నా కుడిచేతి బొటనవేలు ఆడటం లేదు. పొద్దున్న లేస్తే మడత పడదు, పడితే తెరుచుకోదు. యోహాన్ అడిగినప్పుడు మొద్దుబారింది కత్తి కాదు. నీకు రాయలేదు. రాస్తే పరిగెత్తుకొస్తావని కాదు, రాయకపోయినా ఎప్పుడో ఒకప్పుడు నువ్వే వచ్చేస్తావని ఆశ. నీ "కథ" చదివినప్పుడు ఆ ముసలావిడ కోసం నిజంగానే భయపడ్డాను. ఆ భయం కింద ఇంకొక ఆలోచన ఉంది. పంపేస్తే ఇంటికొస్తుంది కదా అని. నిజం చెప్పమని నీకు చెప్పాను, నా లోపల మాత్రం నిజం లేదు. ఈ మాట రాయడానికి నాలుగు కాగితాలు చింపాను.

అయినా సలహా మార్చను. చెప్పెయ్. ఇంటికి రావడానికి కాదు. అక్కడ ఉండటానికే చెప్పు. దాచిపెట్టి అక్కడ ఉన్నావనుకో, నువ్వు ఆ ఇంట్లో ఉన్నా లేనట్టే. నీకు ఏడేళ్లప్పుడు దేవుడి పటం ముందు దీపం గ్లాసు పగలగొట్టి, గాజుపెంకులు గుప్పిట్లో దాచుకుని పడుకున్నావు. తెల్లారి చూస్తే దుప్పటంతా నెత్తురు. గ్లాసు పోయినందుకు నేను ఏడవలేదు, నీ చెయ్యి చూసి ఏడ్చాను.

కథలు ఇంక వద్దు. సిస్టర్ నీలిమగారు ఈ ఉత్తరం చదువుతారు. చదవనీ. ఆవిడ నీకు ఇచ్చే ముందే నువ్వు వెళ్లి చెప్పి ఉంటే బాగుండునని ప్రార్థన చేస్తూ నడుస్తున్నాను.

పెద్దమ్మ

———

సీతమ్మధార,
సెప్టెంబరు 15.

ప్రియమైన పెద్దమ్మా,

చెప్పేశాను. నీ ఉత్తరం అందాకే చెప్పాను. ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేది, అలా జరగలేదు.

సిస్టర్ నీలిమగారి గది తలుపు తీసే ఉంది. లోపలికి వెళ్లి నిలబడి, "గంజిపొడి చల్లింది నేనే" అన్నాను. ఆవిడ బల్ల సొరుగు లాగి ఆ జాడీ తీసి పైన పెట్టారు. "ఉత్తరాలు చదివేది నేనే కదమ్మా. కథ అని రాస్తే నాకు తెలియదా? ఆ రోజే ప్యాకెట్టు డాక్టరుకి చూపించాను. అంత కొంచెంతో ప్రమాదం లేదన్నాడు. నువ్వు వస్తావని అప్పటి నుంచి ఈ తలుపు వెయ్యలేదు" అన్నారు. నేను ఏడ్చాను. ఆవిడ ఏడవనిచ్చారు. తరవాత, "పొడి చల్లడం పొరపాటు. పదహారు రోజులు నోరు మూసుకోవడం పొరపాటు కాదు, తప్పు. పెద్దలతో మాట్లాడాలి. నిన్ను ఉంచుతారో పంపుతారో ఇప్పుడు చెప్పలేను" అన్నారు.

తరవాత హెడ్విగ్ సిస్టర్‌కి కూడా నన్నే చెప్పమన్నారు. అది ఇంకా కష్టం. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని చెప్పాను. ఆవిడ నావైపు తిరిగి, "నాకు బట్టల గంజి తినిపించినావేటే!" అని నవ్వడం మొదలుపెట్టారు. దగ్గొచ్చేదాకా నవ్వారు. "అందుకేనే ఆ వాసన! మా యమ్మ శనోరం నాడు దుప్పట్లకి గంజెట్టి, ఇస్త్రీ సేసి, మంచాల మీద పరిసి, వాటి మీద ఈ పిండి ముక్కలన్నీ ఆరబెట్టీది. ఆ పూట మాకు తొంగోడానికి సోటుండీది కాదు" అన్నారు. తల్లి పేరు చెప్పారు. ఆ పేరు అరవై ఏళ్లలో ఇక్కడ ఎవరూ వినలేదట.

పెద్దమ్మా, ఆవిడ తిన్నది నూడుల్స్‌ని కాదు, ఆ వాసనని. ఆ పొడి ఇంక పెట్టలేను. ఇరవయ్యో తారీకు ఇంకా అయిదు రోజులే, అందుకే ఇది పోస్టులో వేయకుండా ఈ రోజే మనిషి చేత పంపిస్తున్నారు. ఆ వాసన మరి ఎక్కడి నుంచి తేను? నీకేమైనా తోస్తే చెప్పు.

నీ బొటనవేలు గురించి ఏం రాయాలో తెలియక చివర రాస్తున్నాను. ముందే చెప్పకపోయావు. నేను దాచినదానికంటే నువ్వు దాచినదే ఎక్కువ రోజులు.

నీ స్టెఫీ

———

కంచరపాలెం,
సెప్టెంబరు 18.

స్టెఫీ పాపకి,

ఇది కూడా నేనే తెస్తున్నాను, పోయినసారి మీ గేటు దగ్గర సిస్టర్‌గారు నాకు కుర్చీ వేశారు.

పొట్లంలో ఒక గుడ్డ ఉంది. ఇంట్లో ఊరికే పడి ఉన్నదే. మూడు నీళ్లు ఉడకబెట్టి ఉతికాను. కొత్తబియ్యం గంజి వార్చి, ఉప్పు లేకుండా, నీలిమందు లేకుండా, వడకట్టి పెట్టాను. రెండు రోజులు ఎండకాసింది, దేవుడి దయ. గౌరీశ్వరి చేత ఇస్త్రీ చేయించాను. ఇందులో మనిషి తినకూడనిదేదీ లేదు. అన్నం తిన్నవాడు గంజికి భయపడడు.

ఆవిడ గదిలోనే ఖాళీ మంచం మీద పరువు. కోసినవి దాని మీద పలచగా ఆరెయ్. వేడినీళ్లలో వేసే ముందు ఆవిడని ఒకసారి ఆ గుడ్డని చేత్తో తాకనీ. చల్లడానికి కార్న్‌ఫ్లోరే.

పంపితే రా. ఉంచితే ఉండు. రెంటికీ నేను సిద్ధంగానే ఉన్నాను. ఈ మాట ఈసారి నిజం.

పెద్దమ్మ

———

సీతమ్మధార,
సెప్టెంబరు 21.

నా పెద్దమ్మకి,

నిన్న డాక్టరు గొట్టం సంచీతో వచ్చేసరికి హెడ్విగ్ సిస్టర్ మంచం మీద కూర్చుని తింటున్నారు. గడ్డం మీద వెన్న. "రా నాయినా, నువ్వూ తిను" అని ఆయన్ని పిలిచారు. ఆయన నిలబడి ఒక చెంచా తిని, సంచీ తీసుకుని వెళ్లిపోయాడు. ఈ పూట కూడా తిన్నారు. రేపటికి చేపల కూర అడిగారు.

ఇప్పుడు గుడ్డ సంగతి. నువ్వు చెప్పినట్టే తాకనిచ్చాను. ఆవిడ రెండు వేళ్ల మధ్య పట్టుకుని నలిపారు, మొహానికి ఆనించుకున్నారు. "ఇది పొందూరు బట్ట. ఆ ఊళ్లో పదేళ్లు మందులిచ్చినాన్నేను, నాకు తెల్దా. ఎవులి పెళ్లి సీరే ఇది?" అన్నారు.

పెద్దమ్మా, ఊరికే పడి ఉన్న గుడ్డకి జరీ ఉండదు. అంచు కత్తిరించేశావు కానీ ఒక మూల రెండు వేళ్ల మేర వెండి జరీ మిగిలిపోయింది. బొటనవేలు ఆడక కత్తెర వంకరపోయి ఉంటుంది. అది నా పెళ్లికని నువ్వు కొన్న చీర. ఏటా ఎండ చూపించి మళ్లీ మడతపెట్టే చీర. ఆ మూల పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నువ్వు నన్ను వదిలేశావని కాదు, వదలకుండానే వదిలావని అర్థమైంది.

పెద్దలు నిర్ణయం చెప్పారు. పంపడం లేదు. కానీ డిసెంబరులో ప్రమాణాలు లేవు. ఇంకో ఆరునెలలు నొవీసుగానే ఉండాలి. న్యాయమే. ఆరునెలలూ ఇస్త్రీ గది పని నాదే. ఆ జాడీ మీద పెద్ద అక్షరాలతో నేనే పేరు రాసి అంటించాను.

ఒక మాట అడుగుతాను. ప్రమాణాల రోజున వేసుకునే ముసుగు బట్ట ఇంటి నుంచి తెచ్చుకోవచ్చు. తెల్లది, నూలుది అయి ఉండాలి. మిగతా సగం చీర ఉందా?

ఈ ఉత్తరం తెరిచే ఇచ్చాను. సిస్టర్ నీలిమగారు చదవకుండానే అంటించి నా చేతికిచ్చారు.

నీ స్టెఫీ

———

కంచరపాలెం,
సెప్టెంబరు 25.

స్టెఫీ పాపకి పెద్దమ్మ దీవెనలు.

నీ ఉత్తరం చిట్టమ్మకి చదివి వినిపించాను. జరీ దగ్గరికొచ్చేసరికి నేను ఆగిపోతే, మిగతాది అదే లాక్కుని కూడబలుక్కుని చదివింది. "మరి పిల్ల రాదన్నమాట" అంది. రాదే అన్నాను. ఈసారి దానికి ఎక్కింది. కాసేపటికి నాకు కూడా.

డాక్టరుకి చెయ్యి చూపించాను. సూది మందు వేశాడు, నెల రోజులు కత్తి పట్టుకోవద్దన్నాడు. పిండి నేను కలుపుతున్నాను, చిట్టమ్మ కోస్తోంది. తాళ్లలా కోస్తోంది. యోహాన్ నోరెత్తకుండా పట్టుకెళ్తున్నాడు.

మిగతా సగం ఉంది. అంచు కూడా పారెయ్యలేదు. ముసుగుకి ఎన్ని మూరలు కావాలో సిస్టర్ నీలిమగారిని సరిగ్గా అడిగి రాయి. ఈసారి కత్తెర చిట్టమ్మ చేత పట్టిస్తాను.

పెద్దమ్మ